ముళ్ళ పొదల గుట్టను చదును చేసి మొక్కలు నాటడం మేలేనా? మడగాస్కర్ ముళ్ళ అడవుల సంగతి తెలిసినవారు చెప్పగలరు

గుట్టకింది ఊరు (దేవరకొండ ప్రాంతం) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లాలో దేవరకొండకు దక్షిణాన ఉన్న ఒక చిన్న గ్రామం. ఊరికి పడమట ఒక రాతి గుట్ట ఉంది. దాని మీద బలుసు, కలివి, రేగు, పరికి, తంగేడు, బొమ్మజెముడు, అక్కడక్కడ గార, చండ్ర తప్ప నీడనిచ్చే పెద్ద చెట్టు ఒక్కటీ లేదు. వానలు పడినప్పుడు పచ్చగా ఉంటుంది గానీ, సంక్రాంతి దాటితే గుట్టంతా ఎండుకంప కుప్పలాగా కనిపిస్తుంది. ఇప్పుడు ఆ కంపనంతా యంత్రంతో తీయించి, గుంతలు తవ్వించి, కానుగ, వేప మొక్కలు నాటించాలని ఊళ్లో ఆలోచన నడుస్తోంది. ముళ్ళకంప పోయి అడవి వస్తుందంటే కాదనేవారు ఎవరుంటారు? మేకలు కాసే ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు మాత్రం సణుగుతున్నారు, వారి మాట ఎవరూ వినడం లేదు.

ఈ మధ్య మడగాస్కర్ ద్వీపపు దక్షిణ భాగంలో ఉన్న ముళ్ళ అడవుల ఛాయాచిత్రాలు చూశాను. ఎర్రనేల, బూడిదరంగు ముళ్ళ కొమ్మలు, మోకాటి ఎత్తు పొదలు, ఆకులు లేని చెట్లు కనిపించాయి. చూడగానే మా గుట్టే గుర్తుకొచ్చింది. అయితే ఆ అడవులను ప్రపంచంలో మరెక్కడా లేని సంపదగా శాస్త్రవేత్తలు లెక్కిస్తుండగా, మా గుట్ట రికార్డుల్లో బంజరుగా ఉంది. ఆ అడవుల ప్రత్యేకత ఏమిటి, వాటిని అక్కడివారు ఎలా కాపాడుకుంటున్నారు, అందులో మా గుట్టకు పనికివచ్చే సంగతి ఏమైనా ఉందా అన్నది నా ప్రశ్న. గ్రామసభలో నిలబడి మాట్లాడాలంటే గట్టి కారణాలు కావాలి.

పాలమూరు వృక్షశాస్త్రం రాసిన జవాబు:

నమస్కారమండీ. మహబూబ్‌నగర్‌లో చాలాకాలంగా వృక్షశాస్త్రం బోధిస్తున్నాను కనుక మీ ప్రశ్నలో మొదటి భాగానికి జవాబు ఇస్తాను.

మడగాస్కర్‌కు వాన తెచ్చేవి తూర్పు నుంచి వీచే వ్యాపార పవనాలు. అవి ఆ ద్వీపపు తూర్పు వైపు కొండల మీదనే తమ తేమనంతా కురిపించి, దక్షిణ, నైరుతి ప్రాంతాలకు చేరేసరికి పొడిబారిపోతాయి. అందువల్ల నైరుతి తీరంలో కొన్ని చోట్ల ఏడాదికి 350 మిల్లీమీటర్ల వాన కూడా కష్టమే, అది కూడా డిసెంబరు నుంచి మార్చి లోపల కురవాలి. మన పాలమూరు కూడా పడమటి కనుమల చాటున ఉన్న వానచాటు ప్రాంతమే గానీ, మనకు సగటున 600 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. అంటే మనం కరవు నేల అని చెప్పుకునే చోటు అక్కడివారి దృష్టిలో తడినేల కిందికే వస్తుంది.

ఇంత తక్కువ నీటితో కోట్ల సంవత్సరాలు నెట్టుకొచ్చిన మొక్కలు అవి. మడగాస్కర్, భారత భూభాగం ఒకప్పుడు కలిసి ఉండి, సుమారు 8.8 కోట్ల సంవత్సరాల క్రితం విడిపోయాయి. ఆ తరువాత ఆ ద్వీపం ఏ ఖండానికీ అంటుకోకుండా ఉండిపోవడంతో, అక్కడి జీవజాలం తన దారి తాను చూసుకుంది. దక్షిణాన ఉన్న ముళ్ళ అడవుల మొక్కల్లో అత్యధిక శాతం జాతులు మరెక్కడా దొరకవు. వాటిలో డిడియెరియా, అలువాడియా, డెకారియా వంటివి చేరిన ఒక వర్గం మొత్తం ఆ ద్వీపానికే పరిమితం. చూడటానికి జెముడు మొక్కల్లా ఉన్నా ఇవి జెముళ్ళు కావు. అయితే బ్రహ్మజెముడు కుటుంబానికి ఇవి ఎంత దగ్గరి చుట్టాలంటే, కొన్నింటిని దానితో అంటుకట్టగా అతుక్కున్నాయి.

అలువాడియా ప్రొసెరా అనే చెట్టునే దగ్గరగా చూడండి. నిట్టనిలువుగా, కొమ్మలు పెద్దగా లేకుండా పెరుగుతుంది. కాండం చుట్టూ ముళ్ళు వరుసకట్టి ఉంటాయి. వాన పడగానే ఆ ముళ్ళ సందుల్లోంచి గోరంత ఆకులు జతలు జతలుగా వస్తాయి. ఆ ఆకులు మధ్యాహ్నపు ఎండకు వెడల్పు చూపకుండా నిలువుగా నిలబడతాయి. ఎండలు ముదరగానే రాలిపోతాయి. ఇన్ని ముళ్ళున్న ఆ కాండాల మీదే సిఫాకా అనే తెల్లని లీమరు (కోతికి దూరపు చుట్టమైన జంతువు) ఒక చెట్టు నుంచి మరొక చెట్టుకు నిలువునా దూకుతూ తిరుగుతుంది, ముల్లు గుచ్చుకోదు. ఆ చెట్టు ఆకులే దానికి ఆహారం కూడాను.

డెకారియా కొమ్మలు తీగలాగా సన్నగా, గట్టిగా, అడుగడుక్కీ మలుపు తిరుగుతూ ఉంటాయి. ఇలాంటి కొమ్మలు పక్షి ముక్కుతో లాగి తినడానికి వీలు లేకుండా ఏర్పడినవని విలియం బాండ్, జాన్ సిలాండర్ అనే పరిశోధకులు 2007లో ప్రతిపాదించారు. ఏనుగు పక్షి అనే ఎగరలేని మహాకాయం ఆ ద్వీపంలో ఉండేది. మనిషి అడుగుపెట్టిన తరువాత అది అంతరించిపోయింది. దాని గుడ్డు పెంకుల ముక్కలు దక్షిణ తీరపు ఇసుకలో ఇప్పటికీ దొరుకుతాయి. తినే పక్షి పోయినా, దాని నుంచి కాచుకునే కొమ్మ అలాగే మిగిలిపోయిందన్నమాట.

ఇక మనకు సంబంధించిన మాట. మడగాస్కర్ మొక్కలు మన ఇళ్ళలో ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే ఆశ్చర్యం వేస్తుంది. రక్తపు కాన్సరు చికిత్సలో వాడే విన్‌క్రిస్టిన్ మందుకు మూలమైన బిళ్ళగన్నేరు అక్కడిదే. ఆకు నేల మీద పడితే అంచుల నుంచి పిల్లమొక్కలు పుట్టించే రణపాల అక్కడిదే. మే నెలలో మన రోడ్లను ఎర్రగా చేసే తురాయి చెట్టు కూడా ఆ ద్వీపపు పడమటి ఎండు అడవులదే. నొప్పులకు ఆకు కట్టే మన వాతనారాయణ చెట్టు ఆ తురాయికి దగ్గరి బంధువు. ఈ రెండూ చేరిన ప్రజాతిలోని జాతులు చాలావరకు మడగాస్కర్‌లోనే ఉన్నాయి. బావోబాబ్ విషయంలో మాత్రం ఒక తేడా గమనించాలి. గోల్కొండ నయా ఖిల్లాలో ఉన్న మహావృక్షం ఆఫ్రికా జాతికి చెందినది, మడగాస్కర్‌కే పరిమితమైన ఆరు జాతుల్లోది కాదు.

మీ గుట్ట మీది మొక్కలకు ఆ అరుదైన వంశం లేదు. వాటిలో చాలా వరకు దక్కను అంతటా ఉంటాయి. కానీ బతికే పద్ధతి ఒకటే. బొమ్మజెముడు, నల్లేరు వంటివి పగలు ఆకురంధ్రాలను మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటాయి. డిడియెరియా చేసేదీ అదే. మీ గుట్ట సంక్రాంతి తరువాత ఎండుకంపలా కనిపించడం రోగం కాదు, అది దాని వేసవి వేషం.

కృష్ణాతీరం (మక్తల్ వైపు) రాసిన జవాబు:

మాస్టారు మొక్కల గురించి వివరంగా చెప్పారు. కాపాడటం గురించి నేను తెలిసినంత చెబుతాను. ఈ విషయంలో మడగాస్కర్‌ను ఆదర్శంగా చూపించి గ్రామసభలో మాట్లాడితే మాత్రం మీకే ఇబ్బంది అవుతుంది, ఎందుకంటే అక్కడ చాలా వరకు ఓడిపోతున్నారు.

మడగాస్కర్ నైరుతి తీరంలోని టోలియారా నగరంలో వంట దాదాపు అంతా కట్టెబొగ్గు మీదనే సాగుతుంది. ఆ బొగ్గు చుట్టుపక్కల ముళ్ళ అడవి నుంచే వస్తుంది. దానికి తోడు అడవిని కొట్టి, కాల్చి, ఆ బూడిదలో మొక్కజొన్న వేసే పద్ధతి ఉంది. కొన్నేళ్ళకు ఆ నేల సత్తువ పోయి కలుపు పెరుగుతుంది. అప్పుడు మరో చోట కాలుస్తారు. కొట్టేసిన అలువాడియా అడవి తిరిగి నిలబడటానికి మనిషి ఆయుష్షు సరిపోదు. నెలకు అరంగుళం కూడా పెరగని మొక్కలున్న చోట గొడ్డలి ఒక్కసారి పడినా లెక్క తప్పుతుంది.

అక్కడివారికి అడవి విలువ తెలియక కాదు. దక్షిణాన వాన తప్పితే వచ్చే ఆకలికి వారి భాషలో ప్రత్యేకంగా పేరే ఉంది. 2021 నాటి కరవులో లక్షల మంది తిండి లేక అల్లాడారు. పంట పోయినవాడికి బొగ్గుబస్తా ఒక్కటే చేతికి వచ్చే రొక్కం. మన పాలమూరు వాళ్ళు వలసబండి ఎక్కినట్టు వాళ్ళు అడవిలోకి వెళతారు. అందువల్ల కంచె వేసి కావలి పెట్టినంత మాత్రాన అడవి నిలవదని నా అభిప్రాయం.

నిలిచిన చోట్లు కూడా లేకపోలేదు. మంద్రారె నది ఒడ్డున కిత్తనార తోటల మధ్య 1936లో విడిచిపెట్టిన బెరెంటి అనే అడవిముక్క ఇప్పటికీ ఉంది. దాని చుట్టూ ఉన్న ముళ్ళ అడవిని ఏ కిత్తనార కోసం నరికారో, ఆ కిత్తనార యజమానులే ఈ ముక్కను దాచడం విచిత్రమే. నది పక్కన చింతచెట్లు, వాటిని దాటగానే ముళ్ళ పొదలు. తోకకు నలుపు తెలుపు పట్టీలుండే లీమర్లు అక్కడ చింతకాయలు, చింతాకుల మీద ఆధారపడి బతుకుతాయి. మన ఊరి చింతతోపులో కోతులు చేసే పనే అది. ప్రభుత్వపరంగా చూస్తే, 2003లో డర్బన్‌లో జరిగిన సదస్సులో అప్పటి అధ్యక్షుడు రవలోమనన రక్షిత ప్రాంతాలను 17 లక్షల హెక్టార్ల నుంచి 60 లక్షల హెక్టార్లకు పెంచుతామని ప్రకటించారు. ఆ తరువాత దక్షిణాదిలోనూ కొత్త రక్షిత ప్రాంతాలు వచ్చాయి. అయితే కాగితం మీది హద్దు వేరు, బొగ్గుబట్టీ పొగ వేరు.

తాబేలు సంగతి కూడా చెప్పాలి. వీపు మీద సూర్యకిరణాల్లాంటి పసుపు గీతలున్న రేడియేటెడ్ తాబేలు ఈ ముళ్ళ అడవిదే. తాంద్రోయ్, మహాఫాలి తెగలవారికి దాన్ని తినడం, ముట్టుకోవడం కట్టుబాటు ప్రకారం నిషేధం. చట్టాలు రాకముందు నుంచీ దాన్ని కాపాడింది ఆ కట్టుబాటే. దాన్ని పాటించని బయటివారు వచ్చాక, విదేశాల్లో పెంపుడు జంతువుల వ్యాపారం పెరిగాక పరిస్థితి మారింది. 2018 ఏప్రిల్‌లో టోలియారాలో ఒకే ఇంట్లో దాదాపు 10,000 తాబేళ్ళు నీళ్ళు, మేత లేకుండా కుక్కి ఉండగా దొరికాయి. మన నక్షత్ర తాబేలుకూ ఇదే వ్యాపారం ముప్పు. దాన్ని 2019లో అంతర్జాతీయ వాణిజ్యం పూర్తిగా నిషేధించే జాబితాలోకి మార్చారు. మీ గుట్ట మీద తాబేళ్ళు ఉంటే దయచేసి ఇలాంటి వేదికల మీద చోటు పేరు రాయకండి.

గుట్టకింది ఊరు:

ఇద్దరికీ ధన్యవాదాలు. మేకలు కాసేవారు సణుగుతున్నారని రాశాను కదా, వారిని కూర్చోబెట్టి అడిగాను. కలివి, బలుసు పొదలు తీసేస్తే ఎండాకాలంలో మేకకు నోటికందే ఆకు ఉండదని వారి బాధ. ఇంకొక మాట కూడా చెప్పారు. గుట్ట కింది వాలులో, కుంట చుట్టూ సర్కారు తుమ్మ కమ్ముకుపోయి ఉంది. అది తీయించాలంటే తామే ముందుంటామని, పైన ఉన్న పొదల జోలికి మాత్రం పోవద్దని వారు అంటున్నారు. ముళ్ళే కదా, ఒకటి మంచిది, మరొకటి చెడ్డది ఎలా అవుతుంది? సర్కారు తుమ్మను పూర్తిగా తీసేయవచ్చా?

పాలమూరు వృక్షశాస్త్రం:

మేకలవారు సరిగ్గానే చెప్పారు. దీనికి మడగాస్కర్‌లోనే ఒక చేదు అనుభవం ఉంది, అది వింటే తొందరపడరు.

అమెరికా ఖండపు నాగజెముడు 1769లో ఫ్రెంచివారి ద్వారా మడగాస్కర్ దక్షిణ తీరానికి చేరింది. తాంద్రోయ్ ప్రజలు దాన్ని ఊళ్ళకు కంచెగా పెంచారు. కరవులో ముళ్ళు కాల్చి పశువులకు మేతగా పెట్టారు, పండ్లు తాము తిన్నారు. నూటయాభై ఏళ్ళలో అది వారి బతుకులో భాగమైపోయింది. 1920లలో దాన్ని నాశనం చేసే కోచినీల్ పురుగును విడిచిపెట్టగా, కొద్ది సంవత్సరాల్లోనే దక్షిణమంతా ఆ జెముడు కుళ్ళిపోయింది. దాని వెంటే పశువులు, మనుషులు ఆకలితో పోయారు, మిగిలినవారు వలస వెళ్ళారు. బయటి నుంచి వచ్చిన మొక్క అయినా, దాని స్థానంలో ఏమి వస్తుందో చూడకుండా తీసేస్తే ఏమవుతుందో ఇది చెబుతుంది. ఆ తరువాత మరో రకం నాగజెముడు వచ్చి అక్కడి అడవి అంచుల్లో పాకుతోంది, అది వేరే తలనొప్పి.

ఆ పురుగు కథ మన దేశంలో ఇంకా పాతది. ఎర్రరంగు తీయడం కోసం 1795లో బ్రెజిల్ నుంచి తెప్పించారు. అయితే వచ్చింది రంగుకు పనికొచ్చే జాతి కాదు, జెముడును చంపే జాతి. తరువాత 1926లో మరొక జాతిని సింహళం నుంచి తెచ్చి మన నాగజెముడు మీద వదిలారు. ఒకప్పుడు పొలాలను మింగేసిన నాగజెముడు ఇప్పుడు గట్ల మీద అక్కడక్కడ మాత్రమే మిగలడానికి కారణం అదే. ఎక్కడైనా నాగజెముడు మట్ట మీద తెల్లని దూదిలాంటి మచ్చ కనిపిస్తే, పుల్లతో నలిపి చూడండి, చిక్కని ఎర్రరసం వస్తుంది.

సర్కారు తుమ్మ 1870ల చివర కడప ప్రాంతంలో నాటగా మన నేలకు అలవాటైంది. కాయలను మేకలు, పశువులు తిని, పేడలో గింజలు వదిలిన చోటల్లా మొలుస్తుంది. కుంటలు, వాగులు, ఆగిన నీరు ఉన్న చోట దాన్ని తీయాల్సిందే. అయితే కొట్టి వదిలేస్తే మొద్దు నుంచి పదింతలు చిగుళ్ళు వస్తాయి కాబట్టి, వేరుముడితో సహా తవ్వి తీయాలి. మరొక సంగతి, మన జిల్లాల్లో బొగ్గుబట్టీలు నడిచేది ఈ తుమ్మ మీదనే. ఊరి పొయ్యిలకు కట్టె కూడా అదే. దాన్ని ఒకే ఏడాదిలో మొత్తం లేకుండా చేస్తే గొడ్డలి గుట్ట పైకి, మీ చండ్ర, గార చెట్ల మీదకు ఎక్కుతుంది. టోలియారా బాధ మన ఊరికి అలా వస్తుంది. అందుకే కుంట వైపు నుంచి మొదలుపెట్టి ముక్కలు ముక్కలుగా తీయించండి.

ఇక ముళ్ళన్నీ ఒకటేనా అన్న ప్రశ్న. వానల తరువాత ఒక కలివి పొదలోకి వంగి చూడండి. పిట్టలు కొమ్మ మీద వాలి రెట్టలో వదిలిన వేపగింజ, రేగుగింజ అక్కడే మొలిచి ఉంటాయి. పొద చుట్టూ ఉన్న ముళ్ళ వల్ల మేక మూతి లోపలికి పోదు, ఆకురాలు వల్ల నేల తేమగా ఉంటుంది. వేపమొక్క పొద తల దాటి పైకి వచ్చేదాకా ఆ పొదే దానికి కాపలా. సర్కారు తుమ్మ గుబురు కింద ఇంత సందడి కనిపించదు. వేప నాటడానికి వేప మొక్కల దాదిని యంత్రంతో పెకలించడం ఎంతవరకు సబబో గ్రామసభలో మీరే అడగండి.

నల్లమల బాట రాసిన జవాబు:

పై జవాబులతో చాలా వరకు ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెప్పాలి. మన దగ్గర ముళ్ళపొదలున్న ప్రతి నేలా సహజమైన ముళ్ళ అడవి కాదు. ఒకప్పుడు చిరుమాను, నల్లమద్ది, టేకు ఉన్న ఎండు అడవిని తరాల తరబడి కొట్టగా, మేపగా, కాల్చగా మిగిలిన పొదలు కూడా మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. మడగాస్కర్ అడవి పేరు చెప్పి అన్నింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. ఛాంపియన్, సేథ్ 1968లో చేసిన అడవుల వర్గీకరణలో ఉష్ణమండల ముళ్ళ అడవులకు ప్రత్యేక తరగతి ఉన్నప్పటికీ, దేశపు బంజరు భూముల అట్లాసు పొదలున్న నేలను బంజరు లెక్కలోనే వేస్తుంది. ఈ రెంటిలో ఏది మీ గుట్టకు వర్తిస్తుందో గుట్ట ఎక్కితేనే తెలుస్తుంది.

మట్టి జానెడు లోతు కూడా లేకుండా పరుపుబండ తగులుతుంటే, పొదలే అక్కడి పూర్తి అడవి. అక్కడ గుంత తవ్వి నాటిన కానుగ రెండో వేసవి చూడటం కష్టం. వాలు కింద మట్టి లోతుగా ఉండి, నేలమట్టానికి కొట్టిన పాత మొద్దుల నుంచి చిగుళ్ళు వస్తూ, మేకలు వాటిని కొరుకుతూ ఉంటే, అది నరికిన అడవి. దానికి కూడా కొత్త మొక్కలు అక్కరలేదు, కొన్నేళ్ళ విశ్రాంతి చాలు. యంత్రం రెండు చోట్లా పనికిరాదు. మీరు నాటాలనుకునే కానుగ, వేప ఊరి బాటల పక్కన, కుంటకట్ట దిగువన, బడి ఆవరణలో నాటుకోండి, అక్కడ వాటికి నీళ్ళూ నీడకు మనుషులూ ఉంటారు.

పొదలను ఏమీ లేని నేలగా చూస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి మడగాస్కర్ దాకా పోనక్కరలేదు. 1900 తరువాత కనిపించక అంతరించిందని అనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా పొదల్లో తిరిగి దొరికింది. అది రాత్రి తిరిగే పక్షి. దానికి దట్టమైన అడవి వద్దు, ఖాళీ మైదానమూ వద్దు, పొదకూ పొదకూ మధ్య నడిచేటంత నేల కావాలి. అలాంటి నేలలోనే తరువాత కాలువ తవ్వకం మొదలై, అభ్యంతరాలు వచ్చాక దారి మార్చారు. మన నారాయణపేట వైపు కృష్ణ ఒడ్డున కృష్ణజింకలు తిరిగేది కూడా ఇలాంటి విడివిడి పొదల నేలలోనే. అవి పంట తింటున్నాయని రైతులు మొత్తుకుంటున్నారు, అందులో న్యాయం ఉంది. అయితే వాటికి మేతబీళ్ళు మిగలకపోతే పొలాల్లోకి రాక ఎక్కడికి పోతాయి?

చట్టపరంగా మీ చేతిలో ఒక సాధనం ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊరి మొక్కలు, జంతువులు, వాటిని వాడుకునే పద్ధతులు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో నమోదు కావాలి. చాలా ఊళ్ళలో అది బీరువాలోనే ఉంటుంది. మీ ఊరి రిజిస్టరును తీయించి, గుట్ట మీది మొక్కలు అందులో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే మేకలు కాసే పెద్దలను వెంటబెట్టుకుని రాయించండి, ఏ ఆకు ఏ నెలలో వస్తుందో, ఏ గడ్డ ఏ జబ్బుకు వాడతారో మనందరికంటే వారికే తెలుసు.

ఆ నమోదు ఇప్పుడు మొదలుపెట్టకండి. ఎండాకాలంలో సగం మొక్కలు నేల లోపల గడ్డలుగా, దుంపలుగా దాగి ఉంటాయి. తొలకరి పడిన తరువాత ఒకసారి, దసరా ముందు ఒకసారి గుట్ట ఎక్కితేనే లెక్క సరిగ్గా తేలుతుంది. యంత్రాన్ని అప్పటిదాకా ఆపమని అడగడానికి గ్రామసభలో ఈ ఒక్క కారణమే సరిపోతుంది.

గుట్టకింది ఊరు:

చాలా ఉపయోగపడిందండీ. పైనున్న పరుపుబండ భాగాన్ని వదిలేసి, కుంట వైపు సర్కారు తుమ్మ నుంచి పని మొదలుపెట్టాలని, మొక్కలు బడి దగ్గర, బాట పక్కన నాటాలని వచ్చే సభలో ప్రతిపాదిస్తాను. రిజిస్టరు కోసం రేపు పంచాయతీ కార్యాలయంలో అడుగుతాను. మేకలు కాసే పెద్దాయన ఒకరు సభకు వచ్చి తానే మాట్లాడతానన్నారు.